కొండ దిగని పెద్దమ్మ

మక్ కాయిన్ చెప్పిన కథ ఎంత బాగుందంటే, విన్నవాళ్లెవరికైనా టికెట్టు కొనుక్కుని అదే దారిన ఒకసారి తిరిగి రావాలనిపిస్తుంది. లానక్కకు అనుమానం వచ్చింది కూడా అందుకే.

లానక్క అసలు పేరు కామ్ సౌలాన్. పోలీసు ఉద్యోగం విసుగెత్తి వదిలేసి, వాన్‌చాయ్‌లో మందుల కొట్టు మీది గదికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుంది. యాభై దాటిన మనిషి, బొద్దుగా ఉంటుంది, మెట్లంటే గిట్టదు. ఆమె ముక్కు గురించి హాంకాంగ్ రేవులో చెప్పుకునే మాటలు నమ్మితే, నీటికి ఇవతల కూర్చుని అవతల కౌలూన్‌లో ఎవరింట చేప మాడిందో చెప్పేస్తుంది. మరీ అంత లేదు. సగం నీటి దాకా అయితే నిజమే.

ఆ ఉదయం ఆమె సాయింగ్‌పున్‌లో ఫుంగ్ యుక్‌చున్ అనే డెబ్భై ఏళ్ల ఆవిడ ఇంట్లో, మంచానికీ కిటికీకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఎదురుగా యుక్‌చున్ కొడుకు కాయిన్. నలభై ఏళ్లుంటాయి. కౌలూన్‌లో బాతులు కాల్చి అమ్మే కొట్లో పని. చేతిలో పాల టీ చల్లారిపోతున్నా తాగడం లేదు.

తప్పిపోయింది యుక్‌చున్ అక్క, వాన్‌సిన్. ఇదే రేవులో పడవ మీద పుట్టి, పడవ మీదే నడక నేర్చి, పంతొమ్మిదో ఏట పెళ్లయి పెనాంగ్ వెళ్లిపోయిన మనిషి. అక్కడ యాభై ఏళ్ల పైన కాపురం చేసింది. ఈ ఊరు చూసి వచ్చిన ప్రతివాళ్లూ ఆవిడతో, కొండ ఎక్కావా, ట్రామ్ ఎక్కావా, మధ్యాహ్నం పేల్చే ఫిరంగి చూశావా, పిట్టల బజారుకు వెళ్లావా అని అడిగేవారట. ఏదీ చూడలేదు. పడవ పిల్లలకు ఆ రోజుల్లో రేవు అంటే ఓడల అడుగు చెక్కలే. ఈ వయసులో, ఒక్కసారి పైనుంచి చూసి పోతానని వచ్చింది. వచ్చి వారం కూడా కాలేదు. నిన్న పొద్దున కాయిన్‌తో బయటికి వెళ్లి, తిరిగి రాలేదు.

కాయిన్ చెప్పినదేమంటే, పదింటికి ట్రామ్ ఎక్కి కొండ మీదికి వెళ్లారు. సింహాల మంటపంలో నిలబడి చూశారు. మధ్యాహ్నం ఫిరంగి పేలేలోపే మళ్లీ ట్రామ్‌లో కిందికి వచ్చారు. తను నీళ్ల సీసా కొనడానికి పక్కకు వెళ్లి వచ్చేసరికి జనంలో పెద్దమ్మ లేదు.

లానక్క అతని చేత ఆ కథ ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చెప్పించింది. ఎక్కడా తడబడలేదు. పైగా దిగిరావడం గురించి చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయింది.

"పెద్దమ్మకి రేవు ఎదురుగా కనబడాలని బల్ల తిప్పి కూచోబెట్టాను పిన్నీ. చంటిపిల్లలాగా చప్పట్లు కొట్టింది. ఓడలన్నీ మన ఒళ్లోకి వచ్చేస్తున్నాయిరా అంది."

ఆ మాట చెప్పినప్పుడు అతని కళ్లలో ఉన్నది అబద్ధం కాదు. ఎంతోమంది దొంగల కళ్లు చూసిన ఆమెకు ఆ మాత్రం తెలుసు. అయినా ఆ కథలో ఏదో చేపముల్లు ఉంది. గొంతులో తగులుతోంది, ఎక్కడుందో తెలియడం లేదు.

యుక్‌చున్ బాధ వేరు. ఆమె ఒళ్లో చిన్న వెండి డబ్బా ఉంది. అక్క గుండె జబ్బు మాత్రలు. అక్క సవతి కొడుకు తే బూన్‌హాక్ పెనాంగ్ నుంచి తోడు వచ్చి, కౌలూన్‌లో హోటల్లో దిగాడు. రోజూ పొద్దునా సాయంత్రం నీళ్లు దాటి వచ్చి, తన చేత్తో మాత్ర వేసి మరీ వెళ్లేవాడు. కన్నకొడుకులు కూడా అలా చెయ్యరని యుక్‌చున్ అంది. ఇవాళ తెల్లారకముందే వచ్చి డబ్బా చేతిలో పెట్టి, దొరగ్గానే వెయ్యమన్నాడట. పొద్దుగూకేలోపు మాత్ర పడకపోతే గుండె తట్టుకోదని డాక్టరు చెప్పాడట.

"మా అక్కని నాకు తెచ్చిపెట్టు అమ్మాయ్. బతికుండగా తెచ్చిపెట్టు," అంది యుక్‌చున్.

బూన్‌హాక్ ఊరికే కూర్చోలేదు. తన తరఫున ఇంకో డిటెక్టివ్‌ను పెట్టుకున్నాడు. సిట్ హోయ్‌మింగ్ అని, అద్దాల మేడలో ఆఫీసు, తెల్ల బూట్లు, చేతిలో ఇటుకంత ఫోను. అతను ఒకప్పుడు లానక్క కింద పనిచేసినవాడే. అతని లెక్కలో పెద్దావిడ కొండ ఎక్కింది గాని దిగలేదు. ఎక్కించినవాడే తోసేశాడు. సాయంత్రానికి కాయిన్‌ను పోలీసులకు అప్పగిస్తానని పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు. అంటే యుక్‌చున్‌కు పొద్దుగూకేలోపు అక్క దక్కాలి, కొడుకు కూడా దక్కాలి.

"పదండి, కొండ చూసొద్దాం," అని లానక్క కాయిన్‌ను ఇంట్లోనే వదిలి, యుక్‌చున్‌తో లేచింది.

*

ఇక్కడొక సిగ్గుమాలిన సంగతి ఒప్పుకోవాలి. దేశదేశాల వాళ్లు విమానాలెక్కి వచ్చి చూసే ఆ కొండను, ఊళ్లో పుట్టి పెరిగిన లానక్క చూసింది ఒక్కసారే, అదీ మూడో తరగతిలో పంతులమ్మ తీసుకెళితే. దారిలో వాంతి చేసుకోవడం తప్ప ఆమెకింకేమీ గుర్తు లేదు. యుక్‌చున్ అసలు ఎక్కనే లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా. ఇద్దరూ ఊరివాళ్ల లక్షణంగా ట్రామ్ వైపు కన్నెత్తి చూడకుండా బస్సెక్కారు. బస్సు చవక, వరస కట్టి నిలబడే పని లేదు.

సింహాల మంటపం దగ్గర బస్సు దిగి నాలుగడుగులు వేశాక లానక్క ఆగిపోయింది.

కింద రేవు. ఉదయపు ఎండలో నీళ్లు కాదు, ఎవరో కొత్త గుడ్డ పరిచి దానిమీద ఓడలు సర్దినట్టుంది. పచ్చటి ఫెర్రీలు ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ సూదిలో దారంలా తిరుగుతున్నాయి. మేడలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నీళ్లలోకి తొంగి చూస్తున్నాయి. ఎర్ర తెరచాప పడవ ఒకటి వాటన్నిటి మధ్య, ముసలి రాణిలాగా ఎవరికీ దారి ఇవ్వకుండా పోతోంది. ఇన్నాళ్లూ దీని కిందా తను బతికింది? దర్యాప్తు సంగతి కాసేపు ఆమె మనసులోంచి జారిపోయింది. పక్కన యుక్‌చున్ కళ్లు తుడుచుకుంటోంది. అక్క చూసిందట కదా, అది చాలు అంటోంది.

"లానక్కా, బస్సులో వచ్చావా? టికెట్టు చవక కదా."

తెల్ల బూట్లు. సిట్ హోయ్‌మింగ్ మెడలో దుర్భిణి వేసుకుని, చుట్టుబాట వైపు నుంచి వచ్చాడు. అతని వెనక ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు. కుక్కలు తప్ప అందరూ అలిసిపోయి ఉన్నారు.

"గాలి బాగా వస్తుంది," అంది లానక్క. "నీ కుక్కలకేమైనా దొరికిందా నాయనా?"

"చెప్పు దొరికింది."

"ఎవరిది?"

హోయ్‌మింగ్ దుర్భిణి తుడుచుకున్నాడు. "జపాన్ నుంచి వచ్చిన అమ్మాయిదట. వచ్చి తీసుకుపోయింది."

లానక్క నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి అంత మంట పుట్టేది కాదు. కొండవాలు మీద ప్రతి పొదా వెతికించానని, కింద స్టేషన్ దగ్గర పెద్దావిడను చూసినవాళ్లు ఒక్కరు కూడా లేరని, అంటే దిగలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదని గడగడా చెప్పాడు. మరి ఎక్కడం చూసినవాళ్లు ఎందరున్నారని లానక్క అడిగింది. అది అడగాలని అతనికి తోచలేదు. కాయినే చెప్పాడు కదా ఎక్కామని.

"మనవాడే, ఊరివాడే అని జాలి పడుతున్నావు నువ్వు," అన్నాడు చివరికి. "జాలితో కేసులు తేలవక్కా. అందుకే నీ బోర్డు మందుల కొట్టు మీద వేలాడుతోంది."

"కింద మందులున్నాయి కాబట్టే నీ మాటలకు తలనొప్పి వచ్చినా భయం లేదు. తిరుగు, బాబూ, తిరుగు. కుక్కలకి నీళ్లు పట్టించు."

అని యుక్‌చున్ చెయ్యి పట్టుకుని ట్రామ్ స్టేషన్ వైపు నడిచింది. కాయిన్ దిగిన దారినే తనూ దిగి చూడాలి. ఈసారి వాంతి చేసుకోకూడదని మనసులో గట్టిగా అనుకుంది.

ఇద్దరికీ కిటికీ పక్కనే చోటు దొరికింది. బల్లలన్నీ కొండ వైపు తిరిగి ఉన్నాయి. ఎక్కేటప్పుడు అది సరే. ఇప్పుడు బండి దిగుతుంది కదా, రేవేమో వెనక. ఇద్దరూ మాట్లాడుకోకుండానే, ఇద్దరి చేతులూ ఒకేసారి తమ బల్ల ఆనుడు చెక్క మీదికి వెళ్లాయి, దాన్ని ఇటు నుంచి అటు తిప్పేద్దామని.

చెక్క కదల్లేదు.

యుక్‌చున్ ఇంకోసారి గట్టిగా లాగింది. ముందు కూర్చున్న తెల్లదొర వెనక్కి తిరిగి, పెద్దావిడకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూశాడు. బండి కదిలింది. కదలడమంటే, వీపు ముందు పెట్టి లోయలోకి జారడమే. మేడలన్నీ తాగి వచ్చినట్టు ఒక పక్కకు ఒరిగిపోయాయి. తిన్నగా నిలబడ్డది తామేనని, ఊరే వంకరపోయిందని అనిపించేటంత వింత. పిల్లలు కేరింతలు కొట్టారు. యుక్‌చున్ మెడ తిప్పీ తిప్పీ రేవు కోసం వెతుక్కుని, ఇదేం అన్యాయం, వెనక్కి వెనక్కి తీసుకుపోతారేమిటి అని గొణిగింది.

లానక్క మాత్రం ఆ కదలని చెక్క మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ముల్లు దొరికింది.

*

అబద్ధాల గోడ కట్టేవాడు ఇటుకలన్నీ అబద్ధంతో చెయ్యడు. చేతికి అందిన నిజం ఇటుకలు రెండు మధ్యలో పెడతాడు. గోడ నిలిచేది వాటి మీదే, కూలేదీ వాటి దగ్గరే.

లానక్క కాయిన్‌కు కబురు పెట్టి ఫెర్రీ రేవుకు రమ్మంది. పెద్దమ్మ ఆనవాలు తెలిసిందని మాత్రమే చెప్పింది. ముగ్గురూ పై అంతస్తు టికెట్టు తీసుకుని, కౌలూన్ నుంచి అప్పుడే వచ్చి ఆగిన ఫెర్రీ ఎక్కారు. వచ్చినవాళ్లు ఈ ఒడ్డుకు మొహం పెట్టి కూర్చుని దిగిపోయారు. బల్లలన్నీ ఇటే తిరిగి ఉన్నాయి.

కాయిన్ ఎక్కుతూనే ఒక బల్ల దగ్గర ఆగి, చూడకుండానే, వేలితో చీమను తోసినట్టు ఆనుడు చెక్కను అటు తోశాడు. చెక్క టపుక్కున తిరిగింది. "కూచో అమ్మా, ఇప్పుడు ఎదురుగా కనబడుతుంది," అన్నాడు.

యుక్‌చున్ కూర్చోలేదు. ఆ చెక్కకేసి చూసింది, కొడుకు కేసి చూసింది. ఆమెకూ ఇప్పుడు తెలిసింది.

"రోజూ పనికి దీంట్లోనే వెళతావు కదరా," అంది లానక్క, పక్కన చతికిలబడి.

"అవును పిన్నీ."

"ట్రామ్ ఎప్పుడైనా ఎక్కావా?"

ఫెర్రీ ఒడ్డు వదిలింది.

"కొండ ట్రామ్‌లో బల్ల తిరగదు నాయనా. ఇందాకే నేనూ మీ అమ్మా లాగి చూసి పరువు పోగొట్టుకుని వచ్చాం. మనం పుట్టిన దగ్గర్నుంచీ ఈ బల్లలు తిప్పుకుంటూ బతికినవాళ్లం. లోకంలో బల్లలన్నీ తిరుగుతాయనుకుంటాం. కానీ ఒకటి మాత్రం నువ్వు నిజమే చెప్పావు. నిన్న పెద్దమ్మ కోసం బల్ల తిప్పావు, ఆవిడ చప్పట్లు కొట్టింది. బండి ఒక్కటే మార్చావు. ఎక్కడ దించావు?"

కాయిన్ తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. తరవాత చెప్పినదంతా నీళ్ల వైపు చూస్తూ చెప్పాడు. కొండకని బయలుదేరిన మాట నిజం. దారిలో పెద్దమ్మ ఆగి, ఇవాళ కొండ వద్దు, నన్ను నేను పుట్టిన చోటికి తీసుకుపో అంది. యావ్‌మాతేయ్‌లో, తుఫాను వస్తే పడవలు తలదాచుకునే రేవులో, ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఇంకా పడవ మీదే ఉంది. అక్కడ దించాడు. మూడు రోజుల దాకా అమ్మకు గాని బూన్‌హాక్‌కు గాని చెప్పనని సముద్రపు అమ్మవారు తిన్ హావ్ మీద ఒట్టు వేయించుకుంది. కారణం చెప్పలేదు. ముసలావిడ ముచ్చట అనుకున్నాడు. తీరా కుక్కలూ పోలీసులూ అనేసరికి నోరు కట్టుబడిపోయింది. పడవలవాళ్ల కొడుకు తిన్ హావ్ మీద ఒట్టు తప్పితే నీళ్లు ఒప్పుకుంటాయా?

"మాత్రలు లేకుండా వదిలేశావురా," అని యుక్‌చున్ వాడి వీపు మీద రెండు చరిచింది. చరిచిన చేత్తోనే నిమిరింది. అక్క బతికే ఉంది. ఏడుస్తూ నవ్వుతూ ఫెర్రీలో ఎవరు కనబడితే వాళ్లకు ఆ మాట చెప్పింది.

అవతలి రేవులో గడియారం గోపురం కింద దిగాక, అక్క దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్లనని, కమలాలు కొనుక్కొస్తానని యుక్‌చున్ జనంలోకి దూరింది. అంత ఆత్రంలోనూ మర్యాద మర్యాదే. లానక్క టాక్సీ ఆపి నిలబెట్టింది. కమలాలు రావడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది. ఆనందంలో ఉన్న మనిషి బేరమాడుతుందిలే అనుకుంది లానక్క. ఇన్నేళ్ల అనుభవంలో ఆమె ఇంత తేలిగ్గా తీసుకున్న సంగతి ఇంకొకటి లేదు.

*

పడవలు పక్కపక్కన కట్టేసి ఉన్నాయి. ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ, లానక్క తన బరువుకు తనే సారీ చెప్పుకుంటూ, కాయిన్ చూపించిన పడవ దాకా వెళ్లింది.

గుండె ఆగిపోవలసిన మనిషి అక్కడ కాళ్లు బారచాపుకుని, చెప్పుల్లేకుండా, రొయ్యలు ఒలుస్తోంది. పక్కన పళ్లు లేని స్నేహితురాలు ఏదో అంటే పకపకా నవ్వుతోంది. చెల్లెల్ని చూసి నవ్వు ఆపింది. కాయిన్‌ను చూసి తల ఊపింది, తిట్టలేదు.

యుక్‌చున్ కమలాలు వదిలేసి అక్కను వాటేసుకుంది. లానక్క యుక్‌చున్ సంచీలోంచి వెండి డబ్బా తీసి, ముందు మాత్ర వేసుకోమని అందించింది.

వాన్‌సిన్ డబ్బా అందుకుంది. మూత తియ్యలేదు. లానక్క అరచేతిలో మళ్లీ పెట్టి, వేళ్లు ముడిచింది.

"ఇది నాకు కాదమ్మా, నీకు పనికొస్తుంది. మింగేది కాదు, ఎవరిచేతైనా పరీక్ష చేయించేది."

తరవాత ఆవిడ రొయ్యలు ఒలవడం ఆపకుండానే చెప్పింది. ఏడాదిగా కాళ్లు వాస్తున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి. మందు ఎక్కువయ్యేకొద్దీ జబ్బూ ఎక్కువవుతోంది. చెల్లెలింటికి వచ్చాక, ఊరికే ఒకరోజు మాత్ర నాలుక కింద పెట్టుకుని, బూన్‌హాక్ వెళ్లాక ఉమ్మేసింది. మర్నాడూ అంతే. మూడో రోజుకు చెల్లెలింటి మెట్లు ఆగకుండా ఎక్కింది. అప్పుడు అర్థమైంది. పెనాంగ్‌లో మొగుడు చనిపోతూ వదిలిపోయిన జాజికాయ కొట్టు తన పేర ఉంది. తన తరవాత అది బూన్‌హాక్‌ది.

"అక్కా, ఆ బాబు ఎంత మంచివాడో," అంది యుక్‌చున్.

"అందుకే నీకు చెప్పలేదు. వాడిని ఎవరైనా దేవుడే అంటారు. నా మాట ఎవరు నమ్ముతారు? ఇంకో రెండు రోజులు ఈ నీళ్ల మీద గడిపి, నా కాళ్ల మీద నేను నడిచి డాక్టరు దగ్గరికి వెళదామనుకున్నాను. నా కాళ్లే సాక్ష్యం." అని లానక్క వైపు తిరిగింది. "కొండ ఎక్కి చూశావా అమ్మాయ్? ఎలా ఉంది?"

లానక్కకు ఆ క్షణంలో ఆవిడ మీద పుట్టిన గౌరవం అంతా ఇంతా కాదు. తను ఇన్నేళ్లు దొంగల్ని పట్టింది. ఈవిడ తన ఒంట్లో జరుగుతున్న హత్యను తనే పట్టుకుంది. "బాగుంది పెద్దమ్మా," అంది. "మీరు చూసి తీరాలి. నేను తీసుకెళతాను. ట్రామ్‌లోనే."

ముందు ఈవిడను ఇక్కడి నుంచి తరలించాలి. ఈ చోటు తెలిసింది నలుగురికే అని లెక్క వేసుకుంటూ, మాటవరసకు యుక్‌చున్‌ను అడిగింది, ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు కదా అని.

యుక్‌చున్ కింద పడ్డ కమలాల వైపు చూసింది.

"కమలాల కొట్టు దగ్గర ఫోను ఉంది," అంది. "మంచి కబురు కదా అని హోటల్‌కి చేశాను. ఎంత సంతోషించాడో. ఏ పడవ, ఎక్కడ కట్టి ఉంది, అన్నీ అడిగాడు. లాంచీ మాట్లాడుకుని వచ్చేస్తానన్నాడు."

స్నేహితురాలు తాడు ముడి మీద చెయ్యి వేసింది. వాన్‌సిన్ రొయ్యల గిన్నె పక్కన పెట్టి లేచి, తెడ్డు అందుకుంది.

లానక్క పడవ అంచుకు వచ్చి చూసింది. ఆ పడవల వరసల మధ్య నుంచి బయటికి నీటిసందు ఒక్కటే. దాని మొదట్లోకి తెల్లటి లాంచీ ఒకటి తిరుగుతోంది. ముందు భాగంలో తెల్ల బూట్లు, మెడలో దుర్భిణి. సిట్ హోయ్‌మింగ్ ఆమెను పోల్చుకుని, పాపం మనస్ఫూర్తిగానే, చెయ్యి ఎత్తి ఊపాడు.

"ఓడిపోయానక్కా, నువ్వే గెలిచావు," అని నీళ్ల మీది నుంచి అరిచాడు. "కదలొద్దని చెప్పు పెద్దావిడకి. డాక్టరుగారిని కూడా తెచ్చాం."

అతని పక్కన బూన్‌హాక్ వినయంగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లిద్దరి వెనక నల్ల సంచీ పట్టుకుని ఉన్న మూడో మనిషి, ఎండలో పైకెత్తి, సూదిలో మందు ఎక్కిస్తున్నాడు.